పూటకూళ్ల యింటివరకు – తెలుగు సువార్తలో కరుణ

మన ఆలంకారికులు రసములను తొమ్మిదిగా లెక్కించి, అందు కరుణమునకు విశిష్టస్థానము నొసంగిరి. భవభూతి మహాకవి ఉత్తరరామచరితమున కరుణ మొక్కటియే రసమనియు, తక్కినవన్నియు దాని రూపాంతరములే యనియు పలికించినాడు. ఆ మాటలోని సత్యాసత్యములను తేల్చుట పండితుల పని. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, గుమాస్తా కొలువులో జీవితము గడపిన మాబోటి వారి కందు జోక్యము లేదు. కాని ఒక సందేహము మమ్ము చిరకాలముగా వెన్నంటి యున్నది. కావ్యమందలి కరుణరసమునకును, మతగ్రంథము విధించు కరుణకును భేద మేమి?

హరిశ్చంద్ర నాటకమున కాటిసీను చూచి కన్నీరు కార్చిన ప్రేక్షకుడు ఆ కన్నీటితోనే తృప్తుడై యింటికి పోవును. అతడు లేచి రంగస్థలమెక్కి చంద్రమతి చేతిలో కాటిసుంకము పెట్టినచో నాటకము చెడును. మతమందలి కరుణ యట్టిది కాదు. అచ్చట కన్నీరు కార్చి యింటికి పోయినవాడే దోషి. ఈ భేదమును అతి స్వల్పమైన మాటలలో చూపిన కథ యొకటి లూకా సువార్త 10వ అధ్యాయమున కలదు. క్రైస్తవులు దానిని ‘మంచి సమరయుని ఉపమానము’ అందురు. ఆ కథ మన తెలుగులో నెట్లు నిలిచినది, మన కవులలో దాని నెవరు ముందుకు నడపిరి, చదివిన మే మెంతవరకు దాని ననుసరించితిమి అను మూడు విషయములను ఈ వ్యాసమున విచారింప దలచితిమి. ఈ సంచికను చదువువారిలో క్రైస్తవేతరులైన సోదరీసోదరులే యధికులని యెరుగుదుము. అయినను ఇది వారికి పరాయి కథ కాదని మా నమ్మకము.

మా కుటుంబము బరంపురమున నాలుగు తరములుగా నున్నది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై, గంజాము సీమ మదరాసు రాజధానినుండి విడివడిన నాటికే మా తాతగారి కిచ్చట సొంత యిల్లుండెను. వీధిలో ఒడియా, ఇంట తెలుగు మా వాడుక. మా నాయనమ్మ బడికి పోయి యెరుగదు. సువార్తను చదువుకొనవలెనను కోరికతో నడివయస్సున అక్షరములు నేర్చినది. ఆమె వ్రేలు పెట్టి కూడబలుకుకొనుచు చదువగా మేము విన్న మొదటి కథ యిదియే.

ఆమె చదివిన తెలుగునకు నొక చరిత్ర కలదు. 1805లో విశాఖపట్టణము చేరిన లండన్ మిషను బోధకులు క్రాన్, డెగ్రాంజస్ అనువారు ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుని సాయముతో సువార్తలను తెనిగింప పూనుకొనిరి. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజస్ మరణించిరి. వారి శ్రమఫలముగా మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడినవి. అటుపిమ్మట ఎన్నియో మార్పులు, సవరణలు జరిగి నేటి పాఠ మేర్పడినది. కావున తెలుగున అచ్చయిన తొలి సువార్తలలో ఈ కథ గల లూకా సువార్తయు నొకటి. మా సీమవాడైన పురుషోత్తమ చౌదరిగారు 1803లో పర్లాకిమిడి ప్రాంతమున వంగదేశపు బ్రాహ్మణ వంశమున జన్మించి, 1833లో కటకమున బాప్తిస్మము పొంది, తెలుగున కీర్తనలు రచించినారు. వంగదేశపు వంశము, ఉత్కళమున దీక్ష, తెలుగున పాట! మనబోటి ప్రవాసుల కింతకంటె దగ్గరి బంధు వెవరు?

ఇక కథకు వత్తము. ధర్మశాస్త్రోపదేశకు డొకడు యేసును పరీక్షింపగోరి, నిత్యజీవమునకు మార్గ మేమని యడిగినాడు. దేవుని ప్రేమింపవలెననియు, పొరుగువానిని తనవలె ప్రేమింపవలెననియు ధర్మశాస్త్రమే చెప్పుచున్నదని తానే యొప్పుకొన్నాడు. పిమ్మట తప్పించుకొనుటకు దారి వెదకి, నా పొరుగువా డెవడని ప్రశ్నించినాడు. ఇది వట్టి గుమాస్తా ప్రశ్న. మేము కొలువులో ముప్పదియేండ్లు ఇట్టి ప్రశ్నలే వేసియున్నాము. ఈ కాగితము మా సెక్షనుకు చెందునా, చెందదా? చెందనిచో పంపివేయవచ్చును. పొరుగువా డను మాటకు సరిహద్దు గీచినచో, ఆవల నున్నవారి బాధ్యత తప్పిపోవును గదా!

యేసు నిర్వచన మీయలేదు, కథ చెప్పినాడు. ఒకడు యెరూషలేమునుండి యెరికోకు దిగి పోవుచున్నాడు. దిగుట యను మాట అలంకారము కాదు. యెరూషలేము సముద్రమట్టమునకు సుమారు 750 మీటర్ల యెత్తున నున్నది. యెరికో సముద్రమట్టమునకు 250 మీటర్ల దిగువను కలదు. నడుమ నిర్జనమైన కొండదారి. దొంగలు అతని బట్టలు దోచి, కొట్టి, కొరప్రాణముతో విడిచి పోయిరి. ఈ ‘కొరప్రాణము’ అను తెలుగుమాటకు మేము చేతులెత్తి మ్రొక్కుదుము. అర్ధప్రాణమనియో మృతప్రాయుడనియో సంస్కృతమున చెప్పి తప్పించుకొన వీలుండియు, అనువాదకులు ఇంటిమాటను పట్టుకొనిరి. బట్టలు పోయినవానికి కులచిహ్నము లేదు, స్పృహ పోయినవానికి భాష లేదు. అతడు యూదుడో, పరదేశియో బాటసారికి తెలియదు. మనిషి యని మాత్రమే తెలియును. కథకుడు ఈ యొక్క యేర్పాటుతోనే శాస్త్రి ప్రశ్నకు ఆధారమును తొలగించివేసినాడు.

యాజకుడు వచ్చి చూచినాడు, ప్రక్కగా పోయినాడు. లేవీయుడును వచ్చి చూచినాడు, ప్రక్కగా పోయినాడు. పిమ్మట సమరయుడు వచ్చి చూచినాడు. ముగ్గురికిని ‘చూచుట’ సమానము. ఆ యిద్దరు గ్రుడ్డివారు కారు, రాక్షసులును కారు. వారు క్రూరులని కథలో నొక్క విశేషణమైనను లేదు. వా రేల పోయిరో కారణమును చెప్పలేదు. కారణము చెప్పినచో మన మా కారణమును విమర్శించుచు కూర్చుందుము. చెప్పకపోవుటచే చదువరి తన కారణమును తానే అచ్చట పెట్టుకొనవలసి వచ్చును. ఇంత నిరాడంబరమైన శిల్పము గొప్ప కథకులలోను అరుదు.

సమరయు డన నెవరు? యూదులకు పొరుగుననే యుండియు వారిచే పరాయివారుగా నెంచబడిన జాతివాడు. సమరయులు మోషే గ్రంథము లైదింటిని మాత్రమే అంగీకరించిరి. గెరిజీము కొండ వారికి పుణ్యక్షేత్రము. అచ్చటి వారి ఆలయమును క్రీస్తుపూర్వము 2వ శతాబ్దమున యూదుపాలకుడు హిర్కానుసు పడగొట్టించెను. నేటికిని ఆ జాతివారు కొన్ని వందలమంది ఆ ప్రాంతమున జీవించియున్నారు. ‘మంచి సమరయుడు’ అను పేరు తరువాతివారు పెట్టినదే కాని లూకా పాఠమున ‘మంచి’ యను మాట లేదు. ఆ విశేషణము కథకు మేలు కంటె కీడే యెక్కువ చేసినది. మంచివాడు మంచిపని చేయుటలో వింత యేమున్నది?

ఇచ్చట మరియొక సంగతి గమనింపదగినది. ముందరి అధ్యాయముననే యొక సమరయ గ్రామమువారు యేసుకు బస నిరాకరించిరి. ఆకాశమునుండి అగ్ని రప్పించి వారిని కాల్చివేయుదుమా యని శిష్యులు కోపించగా ఆయన వారిని గద్దించి, వేరొక గ్రామమునకు నడచినాడు. తనకు తలుపు మూసిన జాతివానినే తరువాతి అధ్యాయమున కథానాయకుని చేసినాడు. కరుణ గూర్చి చెప్పిన కథకంటె ఆ కథకుడు నాయకుని నెన్నుకొన్న తీరే పెద్ద కరుణ యని మాకు తోచును.

తెలుగు పాఠమున మెచ్చదగిన మాటలు మరి రెండు కలవు. గాయపడినవానిని తన వాహనముపై నెక్కించి సమరయుడు తీసికొనిపోయినది ‘పూటకూళ్లవాని’ యింటికి. సత్ర మనినచో ధర్మసత్రమని భ్రమింతుము. పూటకూళ్ల యిల్లనగా డబ్బుకు భోజనము పెట్టు చోటు. దానితో కథ ఒక్కసారిగా మన వీధిలోనికి వచ్చినది. ఇక రెండవది చివరి ప్రశ్నలోని ‘పొరుగువాడాయెను’ అను క్రియ. ముగ్గురిలో నెవడు పొరుగువాడుగా నుండెనని కాదు, ఎవడు పొరుగువా డాయెనని. పొరుగుతనము ఇంటిగోడలతో వచ్చునది కాదు, మన నడకతో నేర్పడునది యను భావమంతయు ఆ ‘ఆయెను’లో నిమిడినది. నా పొరుగువా డెవడని శాస్త్రి యడిగినాడు, నీ వెవరికి పొరుగువాడ వైతివని ప్రభువు తిరిగి యడిగినాడు.

అయితే విమర్శకు పూనుకొన్నపుడు లోపములను దాచరాదు. మాకు గ్రీకు రాదు. వ్యాఖ్యానములను చదివి, తెలిసిన బోధకుల నడిగి గ్రహించినంత మాత్రమే చెప్పుచున్నాము. సమరయుడు ‘జాలిపడి’నాడని తెలుగు పాఠము. మూలమందలి క్రియ ప్రేవులకు సంబంధించినదట. దానినే లూకా నాయీను విధవను చూచిన యేసు పట్లను, తప్పిపోయిన కుమారుని దూరమునుండి చూచిన తండ్రి పట్లను వాడినాడు. ఆ రెండు చోట్లను తెలుగున ‘కనికరపడి’ యని యుండగా, ఇచ్చట మాత్రము ‘జాలిపడి’ యైనది. ప్రభువునకును, తండ్రికిని, తృణీకరింపబడిన సమరయునికిని లూకా ఒకే క్రియను పంచి యిచ్చుటలో గొప్ప ధ్వని కలదు. తెలుగున నది వినబడకున్నది. పేగు కదలుట, కడుపు తరుగుకొనిపోవుట యను పలుకుబళ్లు మన భాషలో లేకపోలేదు గదా!

ఇంతకంటె ముఖ్యమైన లోపము శాస్త్రి సమాధానమున నున్నది. మూలమున అతడు, కనికరమును ‘చేసినవాడు’ అనునట్లు చెప్పినాడట. తెలుగున ‘జాలిపడినవాడు’ అని యున్నది. పడుట వేరు, చేయుట వేరు. జాలి కూర్చున్నచోటనే పడవచ్చును. వెంటనే ప్రభువు, నీవును పోయి అట్లే ‘చేయుము’ అనినాడు. ముందు చేసినవాడున్నగాని ఈ ‘చేయుము’ అతుకదు. చిత్రమేమనగా, తెలుగున ఇందుకు చక్కని సాధనము సిద్ధముగా నున్నది. ఇంటికి వచ్చిన యతిథిని ‘దయచేయుడు’ అందుము. మన భాషలో దయ చేయబడునదే. వాడుకచే ఆ మాట మర్యాదకు పరిమితమై, అర్థము నరిగిపోయినది. ‘పరామర్శించుట’ గతియు నట్టిదే. సువార్తలో నది గాయపడినవానికి రాత్రి పరిచర్య చేయుట. నేడు పరామర్శ యనగా చావింటికి పోయి రెండుమాటలు చెప్పి వచ్చుట. మాటలు చిక్కిపోవుట పనులు చిక్కిపోవుటకు గుర్తు కాదా?

మరునాటి లెక్క మాకు మిక్కిలి ప్రియమైన భాగము. సమరయుడు రెండు దేనారములు తీసి పూటకూళ్లవానికిచ్చి, పైన నేమైన ఖర్చయినచో తిరిగివచ్చునపుడు తీర్తునని చెప్పినాడు. దేనార మను మాట నట్లే యుంచుటచే దాని బరువు తెలియకున్నది. మత్తయి సువార్తలోని ద్రాక్షతోట కథనుబట్టి దేనారము ఒక దినకూలి. కావున రెండుదినముల కూలి బయానా, తక్కినది తెరచిన పద్దు. మొత్తము వ్రాయని కాగితముపై సంతకము చేయరాదని మేము కొలువులో కొత్తవారికి బోధించుచుంటిమి. సమరయుడు సరిగా నదియే చేసినాడు. అయినను అతడు తన ప్రయాణము మానలేదు, పనులు విడిచి అచ్చట కూర్చుండలేదు, కొంత పనిని జీతమునకు పనిచేయువాని కప్పగించినాడు. కరుణ యనగా ఆవేశము మాత్రమే కాదు, ఏర్పాటు కూడ. వెక్కివెక్కి యేడ్చినవానికంటె రశీదు నడుగక బయానా యిచ్చినవాడు రోగి కెక్కువ పనికివచ్చును.

ఇంత వ్రాసిన మేము ఆ దారిని నడచితిమా? కొలువున నుండగా ఒక వృద్ధురాలు, చనిపోయిన బంట్రోతు భార్య, కుటుంబ పింఛను కాగితములకై మా వద్దకు వచ్చుచుండెడిది. ఒక ధ్రువపత్రము తక్కువ. ‘రేపు రావమ్మా’ యని మూడు పర్యాయములు పంపితిమి. నాల్గవసారి నెలాఖరు. లెక్కలు ముగించి లేచునప్పటికి ఆమె వసారాలో స్తంభమున కానుకొని సొమ్మసిల్లి యుండెను. మేము చూచితిమి. ఆ సాయంకాలము గుడిలో సండేస్కూలు ఉపాధ్యాయుల కూటము. ఆలస్యమగునని రెండవ ద్వారమున బయటికి వచ్చితిమి. ఎదుటి బడ్డీకొట్టువాడు నీళ్లు చల్లి, టీ త్రాగించి, తన డబ్బుతో రిక్షా యెక్కించి పంపెనని మరునాడు తెలిసినది. అతడు మా భాషవాడు కాడు, మా మతమువాడును కాడు. ‘ఆమె మీ కేమగును?’ అని మేమడుగగా, ‘ఏమీ కాదు బాబూ, పడిపోయినది గదా!’ యనినాడు. ఆ కాగితములను ఆ వారమే పూర్తిచేయించితిమి. కాని యాజకుని వెనుకటి ఖాళీలో పెట్టవలసిన కారణ మేదో మాకు నాటితో తెలిసిపోయినది.

ఈ కథలో నొక మౌనము కలదు. దెబ్బలు తిన్నవాడు ఆద్యంతము నోరు విప్పడు. అతనికి మాట నిచ్చినది తెలుగున గుఱ్ఱం జాషువా గారని మా యభిప్రాయము. ఆయన 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించి, 1971లో దివంగతులైరి. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమి బహుమానము లభించినది. అయినను 1941లో వెలువడిన ‘గబ్బిలము’ ఈ యుపమానమునకు మరింత చేరువ. మేఘసందేశపు ఫక్కిలో నడచిన యీ కావ్యమున సందేశము పంపువాడు యక్షుడు కాడు, అంటరానివాడు. ప్రియురాలికి కాదు, కాశీలోని విశ్వనాథునికి తన గోడు విన్నవించుకొనుచున్నాడు. గుడిలోనికి తనకు ప్రవేశము లేదు, గబ్బిలమునకు కలదు. కథ నాయకరాజుల నాటి తంజావూరున ఆరంభమగుట అరవదేశమందలి మన తెలుగువారికి విశేషముగా తోచును.

ఉపమానమును మనము దారిన పోవువాని కన్నులతో చదువుదుము. జాషువా దారి ప్రక్కను పడియున్నవాని కన్నులతో లోకమును చూపినాడు. అచ్చటినుండి చూడగా, ప్రక్కగా పోవువారి పాదములు ఎన్ని తరములుగా నడచుచున్నవో లెక్కకు వచ్చును. దొంగ లొకనాడు కొట్టి పోయినవారు కారు, ఆచార మనుదినము కొట్టుచున్నది. అట్టివానికి నూనె, కట్టు చాలవు, న్యాయము కావలెను. ఉపమానమున కిది ప్రతివాదము కాదు, దాని కొనసాగింపు. ఇక తన మాట వినుటకు మనిషి దొరకక గబ్బిలము నాశ్రయింపవలసి వచ్చుటకంటె కఠినమైన విమర్శ ఆనాటి సంఘముపై ఇంకేమి కావలెను? గుళ్లు కలవారికే కాదు, చర్చీలలో కులమునుబట్టి బల్లలు వేసికొన్న మా క్రైస్తవులకును ఆ విమర్శ తగులును.

కరుణకు ప్రతిఫల మాశింపవచ్చునా యను ప్రశ్న మిగిలియున్నది. సమరయుడు గాయపడినవానిని తన కొండకు వచ్చి మ్రొక్కుమని యడుగలేదు. మన దేశమున ఈ విషయమున క్రైస్తవులపై నింద కలదు. ఆ నిందకు ప్రతి తావునను ఆధారము లేదని చెప్పజాలము. కాని ఒంగోలు చరిత్ర నొకటి స్మరింపదగును. 1876–78 నాటి ధాత, ఈశ్వర సంవత్సరముల కరువున క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో మూడుమైళ్లకు పైగా త్రవ్వకపు కంట్రాక్టు పట్టి, ఆకలిగొన్న మాదిగలకును ఇతరులకును కూలి యిప్పించెను. బాప్తిస్మము కోరి గుంపులుగా వచ్చినను కరువు నడచినంతకాలము ఇయ్య నిరాకరించెను. గంజికై మతము మార్చుకొనిరను మాట రాకుండుటకే ఆ నియమము. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మ మీయబడినది. మిషను చరిత్రలు ఈ సంఖ్యను ఘనముగా చాటును. లెక్కలు వ్రాసిన మా కంటికి మాత్రము అంతకు ముందరి మాసముల సున్నయే పెద్దదిగా కనబడుచున్నది.

పూటకూళ్లవాని పాత్రకు ప్రత్యక్షభాష్యము వేలూరున చూడవచ్చును. ఐడా స్కడర్ అను అమెరికను యువతి తిండివనమున తండ్రివద్ద నుండగా, ఒకే రాత్రి బ్రాహ్మణు డొకడు, మహమ్మదీయు డొకడు, మరియొక హైందవుడు వచ్చి ప్రసవవేదన పడుచున్న తమ భార్యలను చూడ రమ్మని వేడిరి. ఆమెకు వైద్యము రాదు. పురుషవైద్యుని వారు కోరరు. ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఆమె కన్నీటితో నాగక స్వదేశము పోయి వైద్యము చదివి 1900లో తిరిగివచ్చి, ఒక పడకతో మొదలుపెట్టిన పని 1918 నాటికి వైద్యవిద్యాలయ మైనది. ‘రాత్రి’ చూచినదానికి ‘మరునాడు’ చేసిన యేర్పాటన నిదియే. నేడు చిత్తూరు మొదలగు సీమలనుండి పోవు మనవారు ఆ ఆసుపత్రి చుట్టును గల బసలలో దిగి వండుకొనుచుందురు. రోగి బంధువుల నర్ధరాత్రి కాదనక చేర్చుకొను బసవాడు తానొక సువార్త కథలోని పాత్రనని యెరుగడు.

తుద కొక్కమాట. అల్పసంఖ్యాకులమైన మనము, మన పొరుగువా రెవరను ప్రశ్నను నిత్యము వేసికొనుచుందుము. మనవారా, పరులా? ఆ ప్రశ్న సహజమే. మన బడులు, మన పుస్తకములు, మన సంఘములు నిలుచుటకు అది కొంత యవసరమును. కాని సువార్త ఆ ప్రశ్నను తిరుగవేసినది. ఒడియా వీధిలో, అరవ వీధిలో, కన్నడ వీధిలో, మరాఠీ వీధిలో మన తెలుగు కుటుంబ మెవరికి పొరుగైనదని లోక మడుగును. మా నాయనమ్మ ఆ కథను చదివి ముగించి, వ్రేలు చివరి మాటపై నుంచి, ‘ఇదిరా నాయనా, దీనిమీద వ్రేలు పెట్టుట తేలిక’ అనెడిది. ఆ చివరి మాట ‘చేయుము’. మే మరువదియేండ్లు దాటియు ఆ మాటపై వ్రేలు పెట్టియే యున్నాము. చదువరులు మాకంటె నొక యడుగు ముందు నడచెదరుగాక యని కోరి విరమించుచున్నాము.